కాటాల మేస్త్రి సొంత తాళం

లాడ్జీల్లో ఆయన్ని అందరూ కాటాల మేస్త్రి అంటారు. కొట్లలో తూకం కాటాలు బాగుచేయడం ఆయన పని. కంపెనీ తరఫున కాలికి బలపం కట్టుకుని ఊరూరా తిరగడంలోనే జుట్టు నెరిసింది.

చవక గదుల విషయంలో ఆయన అనుభవానికి ఎవరైనా దండం పెట్టాల్సిందే. గదిలో అడుగు పెట్టగానే కుళాయి తిప్పుతాడు, ఫ్యాను వేస్తాడు, తరవాత దిండు వాసన చూస్తాడు. దిండు ఆ పరీక్షలో తప్పితే దాని మీద తన తువ్వాలు పరుచుకుంటాడే తప్ప గొడవ పెట్టుకోడు. ఒక్క తాళం దగ్గర మాత్రం రాజీ లేదు. లాడ్జీ వాళ్ళిచ్చే తాళానికి ఎన్ని మారు చెవులున్నాయో, అవి ఎవరి జేబుల్లో తిరుగుతున్నాయో దేవుడికే తెలియాలంటాడు. అందుకని సొంత ఇత్తడి తాళం ఒకటి వెంట మోసుకు తిరుగుతాడు. గది దాటితే చాలు, గడియ లాగడం, తాళం నొక్కడం, ఒకసారి గుంజి చూడడం. అదంతా చేతులే చేసుకుపోతాయి, బుర్రతో పని లేదు.

ఇంట్లోనూ ఆయన వరస అదే. బట్టలు బీరువా ముఖం చూడవు. భార్య ఉతికి, మడత పెట్టి, మళ్ళీ ఆ ప్రయాణపు సంచీలోనే సర్దుతుంది. "మా ఇంట్లో అద్దెకుంటున్నాయన" అని ఇరుగుపొరుగుతో నవ్వుతూ అనేది. నవ్వుతూనే అన్నా అందులో ఉక్రోషం లేకపోలేదు.

ఆవిడ కోరిందల్లా ఒక్కటే, సముద్రం చూడాలని. ఆయన తిరిగే ఊళ్ళలో ఒకటి సముద్రపు ఒడ్డునే ఉంది. పెళ్ళైన కొత్తలో అడిగితే ఈసారి తీసుకెళ్తానన్నాడు. ఆ 'ఈసారి' పిల్లలు పుట్టి, చదువులై, ఎవరి దారిన వాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళేదాకా సాగింది. "ఎలా ఉంటుందండీ?" అని అడిగితే, "ఏముందీ, నీళ్ళు" అనేవాడు.

ఈ నెలతో కంపెనీ ఆయనకి సెలవిచ్చేస్తోంది. ఆఖరి తిరుగుడికి బయల్దేరుతుంటే ఆవిడ తన సంచీ కూడా సర్దుకుని గుమ్మంలో నిలబడింది. తప్పించుకునే దారి లేక ఆ సముద్రపు ఊరికి వెంటబెట్టుకొచ్చాడు. రాత్రికి లాడ్జీలో బస, పొద్దున్నే సముద్రం, మధ్యాహ్నం బండికి తిరుగు ప్రయాణం.

పొద్దున ఆవిడ స్నానాల గదిలో ఉండగా, "నేనిలా వెళ్ళి టీ తాగొస్తాను, నువ్వు తయారవుతూ ఉండు" అని కేకేసి బయటికొచ్చాడు. ఫోను చార్జింగుకి పెట్టి గదిలోనే వదిలేశాడు. గడియ లాగాడు, తాళం నొక్కాడు, గుంజి చూశాడు.

టీ బండి దగ్గర కిరాణా కొట్టాయన ఎదురయ్యాడు. "మేస్త్రిగారూ, సమయానికి దొరికారు. కాటా మొరాయిస్తోంది. ఒక్కసారి చూసి పోదురూ" అన్నాడు. ఒక్కసారే కదా అని వెళ్ళాడు. అది దారికొచ్చేసరికి పక్క కొట్టాయన తన కాటా చంకన పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. చేతిలో పని పడితే మేస్త్రికి లోకం గుర్తుండదు. పని తెమిలాక కాళ్ళు వాటంతట అవే భోజనం హోటలుకి నడిపించాయి.

"ఒక్కరేనా అండీ?" అన్నాడు సర్వరు.

"ఒక్కణ్ణే" అన్నాడు మేస్త్రి.

సగం తిని, నీళ్ళ గ్లాసు ఎత్తబోతూ ఆగిపోయాడు. జేబు తడుముకుంటే తాళంచెవి చేతికి తగిలింది. డబ్బులు బల్ల మీద పడేసి పరుగెత్తాడు.

లాడ్జీ వరండాలో గదులు తుడిచే మనిషి ఆ తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. లోపలున్న ఆవిడతో తలుపు సందులోంచి కబుర్లు జోరుగా సాగుతున్నాయి. పక్కన మేనేజరు సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"పగలగొడదామంటే అమ్మగారు ఒప్పుకోలేదండీ. ఇప్పుడే వచ్చేస్తారు, ఇప్పుడే వచ్చేస్తారు అంటారు పొద్దుటినుంచీ" అన్నాడు మేనేజరు.

మేస్త్రి కంగారులో తాళంచెవి తిరగేసి పెట్టి, మళ్ళీ సరిచేసి తిప్పాడు. తలుపు తెరిస్తే ఆవిడ తల దువ్వుకుని, చెప్పులు కూడా వేసుకుని మంచం అంచున కూర్చుని ఉంది.

"మర్చిపోయానే" అన్నాడు.

"తెలుసు" అంది.

సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. "పద, ముందు సముద్రం చూసొద్దాం. బండికి ఇంకా టైముంది" అన్నాడు. ఆవిడ లేచింది. ఇద్దరూ మెట్లు దిగి వీధిలోకి వచ్చారు.

"ఎటు?" అంది.

మేస్త్రి అటు చూశాడు, ఇటు చూశాడు. ఆ వీధిలో ఏ కొట్లో ఏ కాటా ఉందో, దానికి ఏ జబ్బో ఆయన కళ్ళు మూసుకుని చెప్పగలడు. "ఎవర్నైనా అడుగుదాం" అన్నాడు.

ఆవిడ ఆగిపోయింది. "మీరు చూడలేదా?"

"తీరికెక్కడిది."

పూటంతా గదిలో పడి ఉన్నా వాడని ఆవిడ ముఖం అప్పుడు వాడింది. ఇన్నేళ్ళూ తను చూడనిదేదో ఆయన చూసి వస్తున్నాడని, చెప్పడం చేతకాక ఊరుకుంటున్నాడని నమ్మింది పాపం.

అంతలో గదులు తుడిచే మనిషి పని ముగించుకుని మెట్లు దిగివచ్చింది. "రండక్కా, నేను చూపిస్తా. ఆ మలుపు తిరిగితే హోరు వినపడుతుంది" అంది. మేస్త్రి కూడా అడుగు ముందుకేశాడు.

"మీరుండండి. తింటూ తింటూ లేచొచ్చినట్టున్నారు, వెళ్ళి భోంచెయ్యండి. నేను చూసొస్తాను" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ మలుపు తిరిగిపోయారు.

ఆయన భోజనానికి వెళ్ళలేదు. పైకి వచ్చి, తలుపు బార్లా తీసిపెట్టి మంచం మీద కూర్చున్నాడు. బండి టైము దగ్గరపడింది, దాటిపోయింది కూడా. ఆవిడ రాలేదు. మేనేజరు తొంగిచూసి, గది ఇంకో పూట ఉంచాలా అనడిగాడు.

"ఇప్పుడే వచ్చేస్తుంది" అన్నాడు మేస్త్రి.