నానీమాకు వెళ్లిన నా గొంతు

నా చిన్నప్పుడు గల్ఫ్‌లోని ఫుజైరాలో ఒక ఒంటె మా నాన్న లారీని పందెంలో ఓడించిందని అందరికీ చెబుతుంటాను. అది నేను అల్లిందే. ఇప్పుడు చెప్పబోయేది అల్లినది కాదు. అల్లినదే అయ్యుంటే బాగుండునని మాత్రం చాలాసార్లు అనుకున్నాను.

మా నాన్న రాళ్ల క్వారీలో లారీ నడిపేవాడు. పక్కింటావిడను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని; వాళ్లది హైదరాబాద్ పాతబస్తీ. గడప లోపల ఉర్దూ తప్ప మరో భాష వినపడకూడదని ఆమె పట్టుదల. దాహమేసినా ఉర్దూలో అడిగితేనే నీళ్లు. ఆమె ఏడేళ్ల కూతురు బడిలో, వీధిలో అరబీకే అలవాటు పడిపోయి, అడగలేక ఎండిన నోటితో కూర్చునేది. నేను మూడేళ్లు పెద్దదాన్ని. ఆ ఇంట్లోనే తిరిగి ఉర్దూ చకచకా నేర్చేసుకున్నాను. నాకని నీళ్లడిగి ఆ పిల్లకు తాగించేదాన్ని. అదొక ఘనకార్యమనుకునేదాన్ని.

ఆ రోజుల్లో ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాట్లాడి, ఊరెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపేవారు. హైదరాబాద్‌లో ఖాలా తల్లి మంచం పట్టింది. మనవరాలి నోట తన భాష ఒక్కసారి వినాలని ఆమె ఆశ. ఒక శుక్రవారం ఖాలా కూతుర్ని టేప్‌రికార్డర్ ముందు కూర్చోబెట్టింది. పిల్ల పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. బయట క్యాసెట్ తీసుకెళ్లాల్సిన ఆయన కారు హారన్ మోగిస్తున్నాడు.

"యల్లా బహెన్, త్వరగా! విమానం మా మామగారిదా, ఆగడానికి!"

"ఏక్ మినట్ భాయ్!" అంటూ ఖాలా బయటికి పరుగెత్తింది. ఆ కాస్త సందులో నేను మీట నొక్కి, గొంతు సన్నం చేసి, "నానీమా, నేను మీ మనవరాలిని" అని ఉర్దూలో మొదలుపెట్టి, సముద్రంలో ముత్యాలు ఏరుతున్నానని కోతలు కోశాను. ఖాలా తిరిగి రాగానే, "మాట్లాడేసింది!" అన్నాను. ఆమె సంబరంగా, వినకుండానే క్యాసెట్ ఇచ్చేసింది.

నెల తర్వాత జవాబు క్యాసెట్ వచ్చింది. ముసలావిడ ఏడుస్తూ నవ్వుతోంది, ముత్యాల సంగతి మళ్లీ చెప్పమంటోంది. ఖాలా కూతురి వైపు చూసింది. కూతురు నా వైపు చూసింది.

ఖాలా తిట్టలేదు. "నీకు మాటలొచ్చు బేటీ. అమ్మీ ఎదురుచూసింది దీని మాట కోసం. వంకరో టింకరో, దీనిదే" అంది.

కొత్త క్యాసెట్ పెట్టి ముందుగా తల్లికి నిజం చెప్పింది. తర్వాత కూతుర్ని దగ్గరికి తీసుకుంది. నేను మాట అందించబోతే నా నోటిమీద చెయ్యి పెట్టింది. టేపు తిరుగుతూనే ఉంది. ఎంతసేపటికో ఆ పిల్ల, "నానీమా... పానీ పియే?" అంది. నీళ్లు తాగారా అని. అంతే. ఖాలా కళ్లు తుడుచుకుంది.

ఆ క్యాసెట్ చేరేసరికి నానీమా లేదు. నా గొంతునే మనవరాలి గొంతనుకుని వెళ్లిపోయింది. నేను నోరు మూసుకుని ఉంటే, ఆ రెండు మాటలూ మొదటి క్యాసెట్‌లోనే వెళ్లేవేమో.

కోతలు కోయడం ఈ వయసుకీ మానలేదు. కానీ ఏ పిల్లయినా మాట కోసం తడుముకుంటుంటే, అది నా నాలుక చివరనే ఉన్నా అందించను. పక్కవాళ్లు విసుక్కున్నా సరే, ఆ పిల్ల పలికేదాకా కూర్చుంటాను.