పచ్చవ్వ తెల్లబడింది

బ్లీచింగ్ పొడి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా కాళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. ఈత రాని నేను వర్ని రోడ్డు మీది పొలంలో వినైల్ షీటు పరిచిన ఈతకొలను కట్టించడం మొదటి తెలివితక్కువతనం. దానికి పాచి పడితే మా అవ్వ బావికి చేసిన వైద్యమే నేనూ చేయడం రెండోది.

బాన్సువాడలో మా ఇంటి వెనక రాతిబావి ఉండేది. ఎండాకాలం కాలువ బందయ్యాక నీళ్లు దిగి, పైన చిక్కటి పచ్చపొర కమ్మేది; మామిడికాయ ముక్కల పులుపు వాసన, అంబలి గిన్నెల చప్పుడు, ఈతకు తేలడానికి నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టుకున్న పిల్లల కేకలు ఆ గట్టు దాకా వచ్చి ఎందుకో సన్నబడేవి. అవ్వ తన పాత తెల్లచీర ముక్కలో బ్లీచింగ్ పొడి మూటకట్టి, తాడుతో లోపలికి దించేది. పొర విడిన చోట ఆ మూట, నెరిసిన తలలా, మెల్లగా ఇటు తిరిగేది.

"గదేరా పచ్చవ్వ. నిన్నే సూస్తున్నది. కాళ్లు గుంజుతది," అనేవాడు మా పెద్దబాపు కొడుకు రాజన్న. తల తిరగడం కళ్లారా చూశాను కనుక మిగతాదీ నమ్మాను. ఆ రోజు విప్పిన బుర్ర మళ్లీ కట్టుకోలేదు.

ఈ ఎండాకాలం నా కూతురు చిన్ని ఈత నేర్చుకుంటానంటే కొలను నింపాను. పది రోజులకే గోడలు పచ్చగా, జారుడుగా మారాయి. అవ్వ పెట్టెలో మిగిలిన చీర తీసి, పొడి మూటకట్టి వదిలాను. పొద్దున చూస్తే మూట విడిపోయి ఉంది. చీర తీశాక, నీలి షీటు మీద తెల్లటి ఆకారం: తల, భుజాలు, పైకి చాచిన ఒక చెయ్యి. గాలికి నీళ్లు అలలాడితే ఆ చెయ్యి కదిలేది. షీటు తెల్లబడింది, నేను తెల్లబోయాను.

"డాడీ, గామె ఎవరు? నేను దిగ," అంది చిన్ని. అది నా చిన్నప్పటి గొంతు.

"రాతిబావి అనుకున్నవా భాయ్? పొడి కూసున్న కాడల్లా షీటు రంగు పోయింది. ఇగ రాదు," అన్నాడు ఈతకొలను మందులమ్మే ఖాదర్ భాయ్. "ముందు బకెట్ల నీళ్లు, తర్వాత కొలిచిన పొడి. నీళ్లు పొడి మీద పోసినవో, మొఖం మీదికి ఎగుస్తది. యాసిడ్ గీసిడ్ ఏదీ కలపకు."

మెత్తటి బ్రష్షుతో గోడలు రుద్ది, పొద్దుగూకాక, మోటారు నడుస్తుండగా, కరిగించిన మందు అంచుల వెంట పోశాను. నీళ్లలో ముంచిన పరీక్ష చీటీ రంగు సరైన గీతకు దిగేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పాచి పోయింది. ఆమె ఇంకా స్పష్టంగా కనిపించింది. చిన్ని కొలను గట్టు దాకా రానే లేదు.

ఆదివారం రాజన్న వచ్చాడు. బట్టతల, బొజ్జ, అదే ధీమా. "ఏంది బిడ్డా, నీళ్లకు భయమా?" అంటూ కాళ్లు నీళ్లలో వేలాడేసి, కిందికి చూశాడు. "గదేందిరా?"

"పచ్చవ్వనే అన్నా. తెల్లబడ్డది. నిన్నే అడుగుతున్నది."

గాలి వీచింది. చెయ్యి కదిలింది. అన్న ఎగిరి వెనక్కి పడ్డాడు. భుజం మీది తువ్వాల నీళ్లలో మునుగుతూ, మునుగుతూ, సరిగ్గా ఆ చేతి మీద వాలింది.

"పెద్దబాపూ, గది మచ్చనే!" చిన్ని పగలబడి నవ్వుతూ మెట్లు దిగింది.

రాతిబావి పూడ్చి దుకాణాలు కట్టారు. సొరబుర్రలు ఎవరూ ఎండబెట్టడం లేదు. అవ్వ లేదు, ఆమె చీరా లేదు. తువ్వాల కోసం మాత్రం అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు.

"నువ్వే వచ్చి తీస్కో అన్నా," అన్నాను. "నేనడిగితే పచ్చవ్వ ఇస్తలేదు."