చీపురుతో తోసేయమన్న పురుగు

ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకూ పెద్దలకూ ఆమె పాములక్కయ్యే. టీచరు ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగింది, రాలేదు. ఊరి చివర ప్రకృతి కేంద్రంలో పిల్లలకు జీవాల గురించి చెప్పే పని దొరికితే, ఇదీ పాఠం చెప్పడమే కదా అని చేరిపోయింది. "పోయి పోయి పాముల పనేంటే నీకు?" అని తల్లి నెత్తీ నోరూ బాదుకుంది. ఎవరు విన్నారు? కొన్నాళ్ళకు అక్కయ్యకు పాములంటే ప్రాణమైపోయింది.

ఆమె పాఠంలో గొప్ప సరంజామా ఏమీ ఉండదు. ఒక రబ్బరు పాము, కొన్ని బొమ్మలు, గాజుపెట్టెలో ఒక కుబుసం. ముందు వరసలో ముడుచుకు కూర్చున్న పిల్లను చూసి ఎంచుకుని, ఆ కుబుసాన్ని వేలితో తాకిస్తుంది. ఆ పిల్ల మొహం విప్పారుతుంది చూడండీ, అదీ ఆమె జీతం. ఆఖర్న చెప్పేది ఒకటే మాట. కర్ర తీయకండి, దూరంగా నిలబడి మాకు ఫోన్ చేయండి, మేమొచ్చి పట్టుకెళ్తాం. మొదట్లో జనం పగలబడి నవ్వారు. పామొస్తే ఫోన్ చేయాలట, ఇంకా నయం, టీ ఇచ్చి కూర్చోబెట్టమనలేదు! నవ్వినవాళ్ళే మెల్లగా ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఫోన్ మోగిందంటే ఎక్కడో ఒక కర్ర కింద పెట్టారన్నమాట. ఆ రోజంతా అక్కయ్య కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

ఒక్క మాట వింటే మాత్రం ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. పురుగు. మన పెద్దవాళ్ళు చాలామంది పామును పాము అనరు. ఆ మాటంటే అదే వచ్చి కూర్చుంటుందేమోనని, పురుగు అంటారు. "పేరు పలకడానికే నోరు రాని ప్రాణి మీద మీకు జాలెక్కడ పుడుతుంది?" అని క్లాసులో అందరిచేతా గొంతెత్తి 'పాము' అని అరిపించేది. కేంద్రం గోడ మీద 'పురుగు కాదు, పాము' అని తనే రంగుతో రాసింది. ఇంట్లో తల్లి మాత్రం "ఏమే, పురుగుల పని అయిందా?" అనేది. దిద్దబోతే, "నా నాలుక, నా ఇష్టం" అనేది. ఆవిడా తక్కువ తినలేదు.

అలా ఉండగా ఆ ఏడాది వానలు పడి, చెట్ల నుంచి గొంగళి పురుగులు రాలడం మొదలైంది. పొద్దున్నుంచీ ఫోన్ మోగుతూనే ఉంది. అందరిదీ ఒకటే గోల, ఇంట్లో పురుగులు. చెప్పిందే చెప్పి అక్కయ్య నోరు నొప్పెట్టింది. ఒక చేత్తో అట్టల మీద బొమ్మలు అతికిస్తూ మరో ఫోన్ తీసింది.

"మా ఇంట్లో పురుగు దూరిందమ్మా," అంది ఒక ముసలి గొంతు, బాగా మెల్లగా.

ముందు ఇల్లెక్కడో కనుక్కోవడం కేంద్రంలో పద్ధతి. బేకరీ వెనక వీధి, నీలం గేటు అన్నాడాయన.

"పెద్దదమ్మా."

"ఈ వానలకి పెద్దవే వస్తున్నాయండీ."

"బీరువా కింద చుట్ట చుట్టుకుని పడుకుంది."

"భయపడితే అలాగే చుట్టుకుంటాయి. చేత్తో ముట్టుకోకండి. చీపురుతో మెల్లగా బయటికి తోసేయండి, ఏం చేయదు."



"చీపురుతోనా?"

"అవునండీ."

"సరే, మీరే చెప్పాక ఇంకేముంది. కప్పను మింగినట్టుంది, అందుకే కదల్లేకపోతోంది," అని ఇంకా గొంతు తగ్గించి చెప్పి ఆయన పెట్టేశాడు.

అక్కయ్య ఇంకో బొమ్మకు జిగురు రాసింది. రాస్తూ రాస్తూ ఆగిపోయింది. కప్పను మింగే గొంగళి పురుగా? వెంటనే ఆ నంబరుకు చేసింది. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"బాబాయ్, బండి తియ్!" అని కేంద్రం డ్రైవర్ మీద అరిచింది. "పామును చీపురుతో తోసేయమన్నాను!"

"ఎవరికి చెప్పావ్?"

"ఎవరో తాతగారికి!"

"ఓరి నాయనో!" అని డ్రైవర్ బాబాయి తింటున్న బన్ను బల్ల మీద వదిలేసి పరుగెత్తాడు.

దారిలో ఆమె పాములు పట్టే కొక్కెం కర్రను ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. ఆయనకేమైనా అయితే ఊళ్ళో మళ్ళీ కర్రలు లేస్తాయి, ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే. కానీ ఆ ఆలోచన ఎక్కువసేపు నిలవలేదు. ఎవరో ముసలాయన, తన మాట నమ్మి, చీపురు పట్టుకుని వంగడమే కళ్ళముందు ఆడుతోంది. దేవుడా, దేవుడా అనుకుంటూనే కూర్చుంది.

నీలం గేటు, వాకిలి రెండూ తీసే ఉన్నాయి. లోపలి గదిలో మంచం మీద ఒక పెద్దావిడ లేవలేని స్థితిలో పడుకుని ఉంది. మంచానికీ బీరువాకూ మధ్య కుర్చీ వేసుకుని, చీపురు రెండు చేతులా పట్టుకుని తాతగారు కూర్చున్నారు. బీరువా ముందు తాచుపాము, పడగ విప్పి.

"మీరన్నట్టే తోశానమ్మా," అన్నారాయన, తల తిప్పకుండా. "పోవట్లేదు."

"కదలకండి తాతగారూ," అంది అక్కయ్య. కొక్కెంతో పామును పక్కకు లాగి సంచిలోకి దించి మూతి బిగించేసరికి ఆమె వీపంతా చెమటతో తడిసిపోయింది.

ఆయన్ను వరండాలోకి తీసుకొచ్చాక ఆమెకు ఏడుపు ఆగలేదు. "నేను తప్పు విన్నానండీ. పురుగంటే గొంగళి పురుగనుకున్నాను. మీ ప్రాణం మీదికి తెచ్చాను."

"అయ్యో, ఊరుకో తల్లీ," అన్నారాయన. "మా ఆవిడ గుండె మంచిది కాదు. పక్కనే పడుకుని వింటోంది. పామని ఎలా అనను? పాముల వాళ్ళకి ఆ మాత్రం అర్థమవుతుందనుకున్నా."

ఇన్నేళ్ళూ 'పురుగు' అనే మాటలో అక్కయ్యకు భయం ఒక్కటే వినిపించింది. అందులో ఇంకొకరి మీద ఇంత ప్రేమ ఉండగలదని ఒక్కనాడూ తోచలేదు.

వీళ్ళను సాగనంపడానికి తాతగారు గేటు దగ్గరికి వెళ్ళారు. సంచి బాబాయికిచ్చి, కొక్కెం కర్ర తెచ్చుకుందామని ఆమె లోపలికి వెళ్తే, మంచం మీది పెద్దావిడ దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"తాచే కదమ్మా?" అంది గుసగుసగా. "పడగ విప్పినప్పుడు చూశాలే. నాకు తెలుసని ఆయనతో అనకు. బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కే మనిషి. అంత భయంలోనూ, చిన్న పురుగేనే అని నన్ను నవ్విస్తూ అడ్డంగా కూర్చున్నాడు."

"అననండీ," అంది అక్కయ్య.

గేటు దగ్గర తాతగారు ఆమెను ఆపి, కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"మా ఆవిడకేం అనుమానం రాలేదు కదా?"

"లేదు తాతగారూ," అంది పాములక్కయ్య. "పురుగనే అనుకుంటున్నారు."