తుపాకీకి అడ్డంగా నడిచిన ఐర్లిస్

ఐర్లిస్ పుట్టింది వేల్స్ దేశంలో యర్ ఐవల్ కొండకు ఉత్తరపు వైపున, మెట్టింది దక్షిణపు వైపున. ఏ ఇంట్లో కిటికీ తీసినా ఒక పక్క కొండ, మరో పక్క సముద్రం. ఆ రెండూ ఆమెకు వాన ఎటునుంచి దిగుతుందో చెప్పే గుర్తులు, అంతకు మించి ఏమీ కావు. వాటిని కళ్లారా చూడటానికి మనుషులు అంత దూరాల నుంచి వస్తారన్న సంగతి పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ ఆమె బుర్రకెక్కలేదు.

ఆ సంగతి ముందు పట్టుకున్నది ఆమె భర్త గ్విలిమ్. పాడి గిట్టుబాటు కాక ఆవుల్ని తోలేసిన ఏడాది, ఖాళీగా పడున్న కొట్టం గుమ్మంలో నిలబడి చాలాసేపు లోపలికి చూశాడు. తరవాత రెండు చలికాలాలు తనే నేల చదును చేసి, గోడలకు సున్నం పూసి, పొయ్యి కట్టి, దాన్ని సెలవులకొచ్చే వాళ్లుండే కాటేజీగా మార్చాడు. పేరు మాత్రం మార్చలేదు. వేల్ష్ భాషలో ఆవుల కొట్టాన్ని బైదీ అంటారు. తలుపు మీద అదే చెక్కించాడు. వచ్చిన ఇంగ్లీషువాళ్లు దాన్ని చదివి "బ్యూటీ" అనేవాళ్లు.

"పేడ ఎత్తీ ఎత్తీ నా నడుం విరిగిన కొట్టానికి అందాలరాణి బిరుదు ఇచ్చేశారు చూడవే" అని గ్విలిమ్ పెళ్లాంతో చెప్పి నవ్వేవాడు.

గుర్రపుసాల రెండో కాటేజీ అయింది. కుక్కలతో వచ్చేవాళ్లను రానివ్వాలన్నది కూడా అతని ఆలోచనే. ఐర్లిస్ తమ్ముడు ఇద్వాల్ ఆ మాట విని మండిపడ్డాడు. గ్విలిమ్ పొలాలన్నీ కౌలుకు చేస్తున్నది అతనే. గొర్రెలన్నీ అతనివే.

"బావా, గొర్రెల పక్కన కుక్కలకు సత్రం కడతావా? నక్కను పిలిచి కోళ్లగూడు తాళం చేతికిచ్చినట్టుంది."

"కుక్కున్నవాడు వానొచ్చినా నడుస్తాడ్రా. టీవీ సరిగా రావట్లేదని గొడవ పెట్టడు. సాయంత్రానికి అలిసిపోయి, కుక్కా వాడూ ఒకే చోట పడి నిద్రపోతారు. అంతకన్నా మంచి అతిథి ఎవడు దొరుకుతాడు?"

"నా గొర్రె మీద పడ్డ రోజు కాల్చేస్తాను. ముందే చెబుతున్నా."

"కాల్చు. ముందు టీ తాగు" అన్నాడు గ్విలిమ్.

అలా ఏళ్లు గడిచాయి. శనివారం పొద్దున ఒకరు వెళ్లిపోతారు, సాయంత్రం ఇంకొకరు దిగుతారు. మధ్యనున్న ఆ కాస్త పూట ఐర్లిస్‌ది. దుప్పట్లు తీసి ఉతకడం, రబ్బరు తొడుగు తడిపి సోఫా మీద నిమిరి కుక్కబొచ్చు ఉండలు చుట్టి తీయడం, బురదకాళ్లు తుడవడానికి గుమ్మం పక్కన పాత తువ్వాళ్లు పెట్టడం, ఎండుద్రాక్ష రొట్టె ఒకటి బల్ల మీద ఉంచి పైన గుడ్డ కప్పడం. పిల్లలు లేరు. ఆ కొరత గురించి మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైంది. మనిషి చేతులు ఖాళీగా లేకపోతే చాలని ఐర్లిస్ నమ్మకం.

నవంబరులో ఒక పొద్దున గ్విలిమ్ చెత్త డబ్బా లాక్కుంటూ రోడ్డు దాకా వెళ్లాడు. తిరిగి రాలేదు. చెత్త బండి వాళ్లే చూశారు. గేటుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడట, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు. గుండె ఆగిపోయింది.

అంత్యక్రియల నాడు ఊరి ప్రార్థనామందిరం నిండిపోయింది. పాటలు పాడారు, హామ్ పెట్టిన రొట్టెలు తిన్నారు, టీలు తాగారు. ఐర్లిస్ కప్పులు అందించింది, తరవాత కడిగింది కూడా. ఆ శనివారం గుర్రపుసాలకు ఎవరో రావలసి ఉంటే, వెళ్లి పక్కలు వేసి వచ్చింది. "గట్టి మనిషి" అన్నారంతా. ఇద్వాల్ కూడా అదే మాట అన్నాడు, కాస్త గర్వంగా.

ఆమెకు గట్టిగా ఉన్నట్టు అనిపించలేదు. ఏమీ అనిపించలేదు. పంటి డాక్టరు సూది పొడిచాక పెదవి ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలా ఉంది. తన చేతులు పని చేస్తుంటే ఎవరివో చూస్తున్నట్టు చూసేది. తిన్నది ఉప్పగా ఉందో చప్పగా ఉందో తెలిసేది కాదు. గ్విలిమ్ పెంచిన మోట్ అనే కుక్కకు తిండి పెట్టడం మరిచిపోయింది. ఒకరోజు కాదు, వరసగా. ఇద్వాల్ వచ్చి, ఖాళీ పళ్లెం చూసి, కుక్కను తనింటికి తీసుకుపోయాడు. మోట్ లేదన్న సంగతి ఆమె గమనించడానికే కొన్నాళ్లు పట్టింది. గమనించాక కూడా, సరే, అనుకుంది.

చలికాలం అలా జరిగింది. తుపానుకు బైదీ వెనక రాతిగోడ ఒకచోట కూలింది. ఇద్వాల్ ఆ సందులో ఇనుప కంచె ముక్క అడ్డంపెట్టి, గొర్రెల ఈనిక కాలం అయ్యాక కడతానన్నాడు.

మార్చిలో బైదీలోకి హాలిస్ వచ్చాడు. స్టోక్ పట్నంలో బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య బతికున్నప్పుడు ఇద్దరూ వచ్చేవాళ్లు, ఆమె పోయాక కుక్కతో వస్తున్నాడు. పెగ్ అనే ఆ కుక్క పొడుగు కాళ్లది, బూడిదరంగుది, వేటజాతి రక్తం కలిసింది. ఇంట్లో ఉంటే దుప్పటి మడతలా ఒక మూల పడి ఉండేది. గ్విలిమ్‌కు అదంటే ఇష్టం. అతను పోయిన సంగతి చెప్పగానే హాలిస్ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమనాలో తెలియట్లేదు, ఐర్లిస్ గారూ."

"ఏమీ అనక్కర్లేదు. పొయ్యిలోకి కట్టెలు గుమ్మం పక్కనే ఉన్నాయి" అంది ఐర్లిస్.

అది జరిగిన పొద్దున ఆమె దండెం మీద తువ్వాళ్లు ఆరేస్తోంది. ముందు ఆమెకు వినిపించింది కాళ్ల చప్పుడు. గొర్రెలు మందగా పరిగెడితే నేలలోంచి వస్తుందే, ఆ చప్పుడు. ఈనడానికి సిద్ధంగా ఉన్న చూడి గొర్రెలు అలా పరిగెత్తకూడదు. గోడ మీంచి చూసింది. మెడతాడు కొక్కెం ఊడి పెగ్ కంచె ముక్క మీంచి దూకేసింది. ఒక గొర్రె అప్పటికే పడిపోయి ఉంది. ఇంకొకదాన్ని మెడ దగ్గర పట్టుకుని లాగుతోంది. ఇంట్లో దుప్పటిలా పడుండే కుక్కేనా అది అన్నట్టుంది. హాలిస్ ఊడిన తాడు పట్టుకుని పొలంలో పడుతూ లేస్తూ దాని పేరు పిలుస్తున్నాడు. పై గేటు దగ్గర ఇద్వాల్ ట్రాక్టరు దిగాడు. అతని చేతిలో తుపాకీ ఉంది.

ఐర్లిస్ తువ్వాలుకు క్లిప్పు పెట్టింది. కంచె ముక్క పక్కకు జరిపి గోడ సందులోంచి పొలంలోకి దిగి నడిచింది. పరిగెత్తలేదు. కుక్కకూ తమ్ముడికీ మధ్యనున్న గీత మీద, సరిగ్గా ఆ గీత మీదే, తన కోళ్లకు గింజలు వేయడానికి వెళ్తున్నట్టు నడిచింది.

"అక్కా, పక్కకు తప్పుకో."

విన్నది. తల తిప్పి చూసింది కూడా. తుపాకీ గొట్టం చివర గుండ్రంగా, నల్లగా కనిపించింది. మళ్లీ ముందుకు తిరిగి నడిచింది.

"ఐర్లిస్, కాలుస్తున్నానే, తప్పుకో" అన్నాడు ఇద్వాల్. ఆ గొంతు అతనిదిలా లేదు.

ఆమె వెళ్లి పెగ్ మెడపట్టీ పట్టుకుంది. మూతి నిండా రక్తంతో అది తల ఎత్తి ఆమెను చూసి తోక ఊపింది. ఐర్లిస్ ఏప్రను విప్పి, దాని తాళ్లను మెడపట్టీకి ముడివేసి, హాలిస్ చేతికిచ్చింది. తిరిగి చూస్తే ఇద్వాల్ బురదలో కూర్చుండిపోయి ఉన్నాడు. తూటాలు తీసేసిన తుపాకీ పక్కన పడి ఉంది.

రెండు గొర్రెలు చచ్చాయి. ఇంకొకటి బతుకుతుందో లేదో తెలియదు. వాటి కడుపుల్లోని పిల్లలూ పోయాయి. ఇద్వాల్ అవన్నీ చూసుకుని, మధ్యాహ్నానికి అక్క వంటింట్లోకి వచ్చాడు. ఆమె టీలో పంచదార ఎక్కువ వేసి ముందు పెట్టింది. భయపడ్డవాళ్లకు తీపి ఇవ్వాలి కదా అనుకుని వేసింది.

"నా వేలు ట్రిగ్గరు మీదే ఉంది, అక్కా."

"ఊఁ."

"ఊఁ ఏమిటి? నువ్వు నన్ను చూశావు. చూసి కూడా నడిచావు."

"చూశాను."

"భయం వెయ్యలేదా నీకు?"

ఐర్లిస్ నిజమే చెప్పాలని ఆలోచించింది. చెప్పులు విడిచాక కాలు ఎక్కడ నొప్పిగా ఉందో వెతుక్కున్నట్టు లోపల వెతుక్కుంది.

"లేదు."

"చచ్చిపోదామనుకున్నావా?"

"అది కూడా అనుకోలేదురా. కుక్కను పట్టుకోవాలి అనుకున్నాను. అంతే. ఇంకేం లేదు అక్కడ."

"ఎక్కడ?"

ఆమె తన గుండె మీద వేలితో తట్టి చూపించింది, అలమరలో పంచదార అయిపోయిందని చూపించినట్టు.

ఇద్వాల్ ఏడవడం మొదలుపెట్టాడు. నాన్న పోయినప్పుడు కూడా ఏడవని మనిషి. ఐర్లిస్ గుడ్డ కోసం చూసింది. అందుబాటులో ఉన్నది కుక్కల తువ్వాలే. ఇచ్చింది. అతను మొహం తుడుచుకుని, ముక్కు ముడిచాడు.

"తడి కుక్క కంపు కొడుతోంది."

"ఉతికిందే అది."

"ఉతికినా కొడుతోంది" అని మళ్లీ అందులోనే మొహం దాచుకున్నాడు.

కాసేపటికి హాలిస్ తలుపు తట్టాడు. ప్రయాణానికి తయారైనట్టు కోటు వేసుకుని ఉన్నాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"దాన్ని ఊళ్లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ప్రాణం తీసే సూది వేయించేస్తాను. మీరడక్కముందే నేనే చెయ్యాలి కదా."

ఇద్వాల్ తువ్వాలు బల్ల మీద పెట్టాడు. పొద్దున ఆ కుక్కను చంపడానికి సిద్ధపడ్డవాడు తనే. ఇప్పుడతనికి తుపాకీ తలుచుకుంటే కుక్క కనిపించడం లేదు, అక్క బూడిదరంగు స్వెట్టరే కనిపిస్తోంది.

"ఈ రోజుకు చావులు చాలు" అన్నాడు. "దాని మూతికి చిక్కం కట్టు. తాడు వదలకు. ఈ కొండ దిగేదాకా దాని తాడు నీ చేతిలోనే ఉండాలి, పడుకున్నా సరే."

"మరి నీ గొర్రెలు?"

"గోడ కట్టడం వచ్చా నీకు?"

"రాదు."

"నేర్చుకుందువుగాని. బుద్ధిగా ఉండు, పొద్దున్నే రా."

తరవాతి వారం బైదీ వేరేవాళ్లకు ఇచ్చేసి ఉంది కాబట్టి ఐర్లిస్ హాలిస్‌ను గుర్రపుసాలకు మార్చింది. అతను ఉండిపోయాడు. ఇద్వాల్‌కు మందలో పని లేని పూటల్లో ఇద్దరూ గోడ దగ్గర చేరేవాళ్లు. చిక్కం కట్టుకున్న పెగ్‌ను ట్రాక్టరు చక్రానికి కట్టేస్తే, సిగ్గుపడ్డ ముసలమ్మలా అటు తిరిగి పడుకునేది.

"ఆ రాయి అలా కాదయ్యా. పొడుగు వైపు లోపలికి. గోడ పళ్లు బయటికి పెట్టి నవ్వుతుందా ఎక్కడైనా?"

"నీ గోడ కూలింది, నాది కాదు. గోడ గురించి నువ్వా చెప్పేది?"

"బస్సును కూడా ఇలాగే నడిపావా? జనం బతికారంటే వాళ్ల అదృష్టం."

"బస్సు కదిలితేనే నాకు జీతం. నీ రాయి కదలకూడదంటావు. నలభై ఏళ్ల అలవాటు ఒక్క వారంలో పోతుందా?"

ఐర్లిస్ టీ తీసుకుని వచ్చి వాళ్ల మాటలు వింటూ నిలబడేది. నవ్వు రాలేదు. కానీ వెళ్లిపోవాలనీ అనిపించలేదు. ఒకరోజు అలా నిలబడి ఉండగానే టీ చల్లారిపోయింది. ఇద్వాల్ ఒక గుక్క రుచి చూసి, మిగతాదీ తాగేశాడు.

గోడ పూర్తయింది. మంచి గోడ కాదు, హాలిస్ కట్టిన భాగం ఎక్కడిదో దూరం నుంచే తెలుస్తుంది. అతను వెళ్లిపోతూ వచ్చే ఏడాదికి ఇక రానన్నాడు. రావచ్చు, కాకపోతే గొర్రెలు ఈనే రోజుల్లో కాదు, అంది ఐర్లిస్. ఆ రోజుల్లో బైదీలోకి కుక్కల్ని రానివ్వకూడదని ఆమె అప్పటికే నిర్ణయించుకుంది. ఎవర్నీ అడగలేదు.

ఆ తరవాత ఇద్వాల్ ఆమెను గట్టి మనిషి అనడం మానేశాడు. తుపాకీ ఎవరికో ఇచ్చేశాడు. ప్రతి శనివారం పని మధ్యలో వచ్చి, పరుపుకు అవతలి అంచు పట్టుకుని దుప్పటి లాగేవాడు. మూలలు మడవడం ఎప్పటికీ రాలేదు. ఈనిక ముగిశాక ఒకరోజు, "కోటు వేసుకో, డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాడు.

"నాకేం రోగం?"

"ఏమో. అదే కనుక్కుందాం."

డాక్టరమ్మ చిన్నవయసుది, వేల్ష్‌లోనే మాట్లాడింది. ఏమిటి ఇబ్బంది అని అడిగింది. ఐర్లిస్ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. "మా ఆయన పోయిన దగ్గర్నుంచి నాకేమీ తెలియడం లేదమ్మా. బాధ కూడా లేదు. ఉంటే బాగుండును" అంది. బయటికి అనడం అదే మొదటిసారి. డాక్టరమ్మ వెంటనే ఏమీ రాయలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఆయన గురించి చెప్పండి" అంది. ఐర్లిస్ చెత్త డబ్బా దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఎక్కువేమీ చెప్పలేకపోయింది. మళ్లీ వారం రమ్మన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నిద్రపోయింది. నోరు తెరుచుకుని, తల అద్దానికి ఆనించి, కొండమలుపులన్నీ దాటేదాకా. మెలకువ వచ్చేసరికి కారు తన వాకిట్లోనే ఆగి ఉంది. ఒంటి మీద ఇద్వాల్ కోటు కప్పి ఉంది. బయట సన్నగా చినుకులు. ఎవరో కొత్తవాళ్లు దిగారు, భార్యాభర్తలు, రెండు తడిసిన స్పానియల్ కుక్కలు. ఇద్వాల్ బైదీ గుమ్మం ముందు నిలబడి, తువ్వాళ్లు ఎక్కడున్నాయో, ఏ గేటు తీయకూడదో వేలు చూపించి చెబుతున్నాడు. మొహం ఎప్పటిలాగే చిటపటలాడుతూ ఉంది. ఒక కుక్క అతని కాలి మీద కూర్చుంది. అతను కాలు లాక్కోలేదు.

ఐర్లిస్ తలుపు పిడి మీద చెయ్యి వేసింది. మళ్లీ తీసేసి, కోటు మెడదాకా లాక్కుని, అద్దం మీద జారే నీళ్లను చూస్తూ ఇంకాసేపు అక్కడే కూర్చుంది.