గాజు పోగు మీద నూగు

షోలాపూర్ భవాని పేటలో మా గల్లీ వాళ్లు నన్ను కాలుగాలిన పిల్లి అనేవాళ్లు. అన్నవాళ్ల తప్పేం లేదు. మా అమ్మ, అంటే అవ్వ, ముందు గదిలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, కత్తిరించిన ఆకు అందించమని నన్ను పక్కన కూర్చోబెట్టేది. ఆమె తలెత్తి చూసేసరికి నేను గల్లీ చివర ఉండేదాన్ని. మా ఇంటి వెనక గోడే కార్ఖానా గోడ. అందులో మా నాన్న, బాపు, తువ్వాళ్లు నేసే సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ను మా వాళ్లు సాంచా అంటారు. అవి నడుస్తుంటే మా గూట్లో గిన్నెలు వణికేవి. కరెంటు పోయి ఆగితే ఏమైందోనని నాకు గుండెదడ. చప్పుడులో ఉండలేను, చప్పుడు లేకుండా అసలే ఉండలేను.

ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ కోర్సు చేసింది కూడా రోజూ ఇంట్లోంచి బయటపడొచ్చనే. కోర్సు అయిపోయాక మళ్లీ అదే చాట ముందు కూలబడ్డాను. అవి తొంభైల నడిమి రోజులు. అశోక్ చౌక్ దగ్గర రోడ్డు పక్కన కాలువ తవ్వి నల్లటి కేబులు పరుస్తున్నారని విని చూడబోయాను. ఆ తీగలో రాగి ఉండదట, గాజు ఉంటుందట, మాట వెలుతురులాగా పోతుందట. గల్లీలో చెబితే ఎవరూ నమ్మలేదు. నేను మాత్రం మూడు పూటలూ పోయి ఆ గుంట అంచున నిలబడ్డాను. చివరికి పని చేయించే పెద్దాయనకే విసుగొచ్చి, "చూస్తనే ఉంటవా బేటీ, పని చేస్తవా?" అన్నాడు.

ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. హైదరాబాద్ మనిషి, కేబుల్ అతుకుల పనిలో తల పండినవాడు. భార్యను వెంటబెట్టుకుని ఊరూరా తిరుగుతూ, పని ఉన్న ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకునేవాడు. నా చేతి వేళ్లు తిప్పి చూసి, "సాలోళ్ల పిల్లవు గద, పోగు పట్టుడు నీకు చెప్పేది లేదు" అన్నాడు. కానీ చెప్పాల్సింది చాలానే ఉంది.

కేబులు పైతోలు కోస్తే లోపల జిగట. దాన్ని కడిగేస్తే రంగురంగుల సన్నగొట్టాలు, ఒక్కో గొట్టంలో కొన్ని పోగులు. తలవెంట్రుకంత గాజుపోగు, దాని మీద రంగు పూత. అతికించే ముందు ఒక పోగుకు సన్నని తొడుగు ఎక్కించి పక్కకు జరిపి పెట్టుకోవాలి. అతుకు పడ్డాక దాన్ని అతుకు మీదికి లాగి వేడి చేస్తే బిగుసుకుని కాపాడుతుంది. ముందు ఎక్కించడం మరిచిపోతే, అతికిందాన్ని మళ్లీ తెంపుకోవడమే. నేను మరిచిపోయేదాన్ని. తొందర మనిషిని కదా. ఆ తర్వాత పూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్ అనే చిన్న పనిముట్టులో పెట్టి కొనను విరవాలి. దాని బ్లేడు ఒక గీత మాత్రమే పెడుతుంది, పోగు ఆ గీత దగ్గర తనంతట తాను నిటారుగా విరుగుతుంది. విరిగిన కొన దేనికీ తగలకూడదు. యంత్రంలో సన్నటి గాడి ఉంటుంది, అందులో ఇటొకటి అటొకటి ఎదురెదురుగా పడుకోబెడితే చిన్న తెర మీద రెండూ దూలాల్లా కనిపిస్తాయి. బటన్ నొక్కితే రవ్వ పుట్టి రెండు కొనలూ కరిగి ఒకటవుతాయి.

ఇదంతా ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ విన్నాడు.

"ముడి లేదు, పురి లేదు, గంజి లేదు. గదేం అతుకు?" అన్నాడు.

"కరిగి కలుస్తది బాపు."

"కలుస్తె గుంజి చూసినవా?"

"యంత్రమే గుంజి చూస్తది."

దానికి మాత్రం కొంచెం మెత్తబడ్డాడు. గుంజి చూడని అతుకును మా ఇంట్లో ఎవరూ అతుకు అనరు.

షోలాపూర్ పని అయిపోవస్తుండగా అసలు చిక్కు మొదలైంది. కేబులు హోట్గి రోడ్డు దాటి విజాపూర్ వైపు పోతోంది, పనివాళ్ల గుంపు కూడా దాని వెంటే పోతుంది. నన్ను కూడా తీసుకుపోతానని, తమ ఇంట్లోనే ఉండొచ్చని ఉస్తాద్ అన్నాడు. బాపు వినగానే కాదన్నాడు. కార్ఖానాలో నూలు కండెలు చుట్టే మనిషి మానేసింది, ఆ పని నాకు మాట్లాడి పెట్టాడట. నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు తిండి మీద అలిగాను. ఆకలికి ఓర్వలేనిదాన్ని, ఆ అలక నాకే శిక్ష అయింది. చివరికి అవ్వ నడుమ దూరితే బాపు ఒక మెట్టు దిగాడు.

"ఉస్తాద్ పక్కకు లేకుంట ఒక్కదానివే అతుకు పెట్టు. అది పాసైతే అప్పుడు చూద్దాం. కాకపోతే సప్పుడు చెయ్యక కండెలు చుట్టు."

ఉస్తాద్‌కు చెబితే ఒప్పుకున్నాడు. మర్నాడు తాను టెలిఫోన్ ఎక్స్చేంజీలో అతుకులను పరీక్షించే మీటరు దగ్గర కూర్చుంటానని, అశోక్ చౌక్ గుంటలో అతుకులన్నీ నేనే పెట్టాలని అన్నాడు. అయితే పోగు తుడిచే కాగితం అయిపోయింది. అది మామూలు కాగితం కాదు, బొంబాయి నుంచి రావాలి. ఉన్న నాలుగు ముక్కలు జాగ్రత్తగా వాడుకోమన్నాడు. నాలుగు ముక్కలు ఏ మూలకు వస్తాయి? ఆ సాయంత్రం నేను ఇంట్లో గడపకూ పొయ్యికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

"ఏంది, పురుగు కుట్టినట్టు తిరుగుతున్నవ్?" అన్నాడు బాపు.

చెప్పాను. ఆయన లేచి కార్ఖానాలోకి పోయి ఒక తువ్వాల తెచ్చాడు. పరదేశానికి పోయే రకం, పాలమీగడలా మెత్తన. దాన్ని తానే వేడినీళ్లలో ఉతికి, దులిపి, దండెం మీద ఆరేశాడు. పొద్దున మడతపెట్టి నా చేతిలో పెట్టాడు.

"తుడుసుటానికి మన తువ్వాలను మించింది దునియాల లేదు. గీటు వడదు, నీళ్లు నిలువయి" అన్నాడు.

కండెలు చుట్టమన్న మనిషి, నేను నెగ్గడానికి తన చేత్తో బట్ట ఉతికి ఇచ్చాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ బట్ట పనికిరాదన్న ఆలోచన నాకు చీమంతైనా రాలేదు. మా ఇళ్లలో అద్దం తుడిచినా, కళ్లజోడు తుడిచినా, పసిపిల్ల ముఖం తుడిచినా తువ్వాలే.

గుంట మీద వేసిన డేరాలో ఒక్కదాన్నే కూర్చున్నాను. తువ్వాలను ముక్కలు చేసి స్పిరిట్‌లో ముంచి పోగులు తుడిచాను, యంత్రంలోని గాడి కూడా శుభ్రంగా ఉండాలని దాన్నీ తుడిచాను. డేరా చిరుగులోంచి ఎండ తెర మీద పడుతోంది. దూలాలు లీలగా కనిపిస్తున్నాయి. చుట్టూ తిరిగి గుడ్డ అడ్డం కట్టొచ్చు. ఎవరు లేస్తారు? ఎంత త్వరగా అయిపోతే అంత త్వరగా విజాపూర్ అన్నట్టు బటన్ నొక్కుతూ పోయాను.

మధ్యాహ్నం ఉస్తాద్ స్కూటర్ దిగుతుండగానే ఆయన ముఖం చూసి నాకు అర్థమైంది. మీటరు మీద గీత సాఫీగా రావాలి, నా అతుకు దగ్గర మెట్టు దిగినట్టు దిగిందట. ఒక్క పోగులో కాదు, దాదాపు అన్నిట్లో. వెలుతురు సగంలో జారిపోతోందని, ఎక్స్చేంజీ ఇంజనీరు అతుకులు భద్రపరిచిన పెట్టె మొత్తం విప్పమన్నాడని చెప్పాడు. ఆయన యంత్రం మూత తెరిచి, భూతద్దం పెట్టి గాడిని చాలాసేపు చూశాడు. తర్వాత నా ఒళ్లో ఉన్న తువ్వాల ముక్కను చూశాడు.

"దీంతోని తుడిచినవా?"

"మా బాపు ఇచ్చిండు. మస్తు మెత్తగ ఉంటది."

ఉస్తాద్ తిట్టలేదు. నవ్వాడు, అది నన్ను ఇంకా కాల్చింది. "నూగు, బేటీ. గాడి నిండ నూగే. పోగు దాని మీద ఎక్కి కూసున్నది, ఎదుటి పోగుకు సరిగ ఎట్ల ఎదురైతది?" అన్నాడు. మర్నాటికి కాగితం వస్తుందని, అన్నీ తెంపి మళ్లీ పెట్టమని అన్నాడు.

ఇంటికి పోతూ దారంతా నాలో నేనే పోట్లాడుకున్నాను. బాపుకు ఏదో ఒక కథ చెప్పేస్తే పోయేది. కానీ గడపలో అడుగు పెట్టగానే ఆయన "పాసైందా?" అని అడిగాడు, నా నోరు ఆగలేదు.

"నీ తువ్వాలతోనే పోయింది. దాని నూగు గాజు మీద పడ్డది."

బాపు ముఖం నల్లబడింది. అవ్వ చాటలోంచి చెయ్యి తీసింది.

"నా బట్టకు నూగా? ఉతికి, దులిపి ఇచ్చినంక నూగెక్కడిది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీకు చాతగాక నా బట్టను బద్నాం చేస్తున్నవా?" అన్నాడు. "ఇగ ముచ్చట లేదు. సోమవారం సంది కండెలకు రా."

నేను జవాబు చెప్పబోతే అవ్వ కళ్లతోనే వద్దంది. ఆ బట్టలో ఆయన పరువు ఉందని నాకు తెలుసు. తెలిసీ అలా విసిరికొట్టినట్టు చెప్పాను. అన్నం సయించలేదు.

మర్నాడు కాగితం వచ్చింది. అతుకులు తెంపి, ఒలిచి, తుడిచి, విరిచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి డేరాకు గుడ్డ అడ్డం కట్టి, ఒక్కో కొనను తెర మీద తిప్పి తిప్పి చూశాను. ఉస్తాద్ బయటే కూర్చుని బీడీ కాల్చాడు గాని లోపలికి తొంగి చూడలేదు. పని అయ్యాక ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూత్‌కు ఎక్స్చేంజీలో మీటరు చూసే ఇంజనీరు నుంచి ఫోను రావాలి. బూత్ ముందు నేను అటూ ఇటూ తిరుగుతుంటే బూత్ అతను, "బస్, బాయీ, నేల అరుగుతుంది" అని మరాఠీలో విసుక్కున్నాడు. ఫోను మోగింది. అన్నీ పాస్.

పరుగున వచ్చేసరికి డేరా దగ్గర బాపు నిలబడి ఉన్నాడు. పేటలో కరెంటు పోయిందట, సాంచాలు ఆగాయట, ఒంటి మీద కార్ఖానా బనీనుతోనే వచ్చాడు. కనుబొమల మీద తెల్లగా దూది.

"పాసైంది బాపు" అన్నాను.

"కానియ్యి. నా బట్టల నూగున్నదని ఎవడన్నడో, ఆ నూగు నాకు చూపెట్టుమను" అన్నాడు.

ఉస్తాద్‌కు ఇబ్బందైంది. "పోనియ్యి అన్నా, పిల్ల పాసైంది గద" అన్నాడు. బాపు కదల్లేదు. పట్టు పడితే ఆయనా నాలాంటివాడే, లేదా నేను ఆయనలాంటిదాన్ని. ఉస్తాద్ డేరాలోకి పిలిచి, పనికిరాని పోగు ముక్క ఒకటి తీసి, పూత ఒలిచి, మొదట కాగితంతో తుడిచి గాడిలో పెట్టాడు. తెర మీద నున్నటి దూలం. బాపు వంగి చూశాడు. తర్వాత అదే పోగును, నిన్న మిగిలిన తువ్వాల ముక్కతో ఒక్కసారి తుడిచి పెట్టాడు.

దూలానికి అడ్డంగా తాడు పడింది. మెలికలు తిరిగి, చివర చీలి, తెరకు ఈ కొస నుంచి ఆ కొస దాకా. దాని వెనక ఇంకొకటి.

బాపు కళ్లు చిట్లించాడు. "గిదేనా?"

"గదే అన్నా. కంటికి కానరాదు."

"ఒక్క తాపకు గింతనా?"

"అవును."

ఆయన కోప్పడతాడనుకున్నాను. తెర ముందే కూర్చుండిపోయి చాలాసేపు చూశాడు. చేత్తో కనుబొమ తుడుచుకుని ఆ దూదిని వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. మళ్లీ తెర చూశాడు.

"నేను పొద్దుందాక పీల్చేది గిదే గద" అన్నాడు. ఉస్తాద్‌తో కాదు, నాతో కూడా కాదు. "పోరగాన్నప్పటి సంది గిదే. మరి నా లోపట ఎంతుండాలె?"

ఉస్తాద్ తల దించుకుని యంత్రం ఆపేశాడు. పాసైన సంతోషం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆయన్ను గట్టిగా పట్టుకోవాలనిపించింది, మా ఇంట్లో అలా పట్టుకునే అలవాటు లేదు.

బాపు లేచి డేరా బయటకొచ్చాడు. నేనూ వెంట వచ్చాను.

"నువ్వు విజాపూర్ పో బిడ్డా" అన్నాడు. "కండెలకు ఇంకొకల్లను చూసుకుంటరు. నువ్వు ఆ కార్ఖానల అడుగు పెట్టకు."

"మరి నువ్వు, బాపు?"

ఆయన అప్పటికే రోడ్డు దాటుతున్నాడు.

"నేను పోకుంటె ఎట్ల? కరెంటచ్చే యాళ్లయింది" అన్నాడు.