నిదానం మిషను కొన్న మా సారు

మా ఆఫీసు కంప్యూటర్ సారు పోయారు. మంగళవారం పొద్దున్నే కంచరపాలెం ఇంట్లో గుండె ఆగిందని కబురొచ్చింది. సంతాప సభలో పాత మేనేజరు లేచి, "మంచోడే గానీ, నత్తలాంటి మిషను కొన్నాడు" అన్నాడు. నలుగురూ నవ్వారు. నాకు చదువు రాదు. పక్కింటి టీచరమ్మ చేత రాయిస్తున్నాను. ఆ నవ్వు తప్పని చెప్పడానికే ఇదంతా.

ఓడరేవు పక్కన సరుకుల షెడ్ల ఆఫీసు మాది. నేను ఊడ్చేదాన్ని. షెడ్లలో పనిచేసే ఆడవాళ్లతో కలిపి ముప్పైమందికి పైనే రోజుకూలీలం. ఎన్ని రోజులు పనిచేశామో హాజరు పుస్తకాల్లో ఉండేది. ఆ రోజులు తేలితేనే పర్మినెంటు. తొంభైల చివర్లో ఆ హాజరంతా కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. మిగతా కంప్యూటర్లన్నీ అడిగి తెలుసుకునే పెద్ద మిషను ఒకటుంటుంది, సర్వర్ అంటారు. అది ఎంచే పని సారు మీద పడింది.

సారుది గోదావరి వైపు. నన్ను కూడా 'అండి' అనేవారు. వారం రోజులు నా చేత గదికొక గుడ్డతో తుడిపించి, సాయంత్రం వరసగా పరిపించి చూసేవారు. ఏ గదిలో ఎర్రమట్టి ఎంత, బొగ్గుపొడి ఎంత అని.

"ఈ మసిగుడ్డలతో ఏటి సేత్తారు బాబూ?"

"మిషను కొంటున్నానండి."

మేనేజరుకేమో అన్నిటికన్నా వేగమైనది కావాలి, అదీ ముందు గదిలో, వచ్చినవాళ్లకి కనబడాలి. "ఏటండీ, ఊడ్సే మనిసినడిగి కంప్యూటరు కొంతారేటి?" అన్నాడు.

"ఆయ్, ఈ దుమ్ము సంగతి నాకంటే ఆవిడకే తెలుసండి. ముందు గదిలో ఏ మిషనైనా ఏడాది బతకదు."

ఉన్న డబ్బుకి వేగమైనదైతే, రాసింది దాచే డిస్కు ఒకటే వస్తుందట. నిదానందానికి రెండు. రాసిందల్లా రెండిటిలోనూ పడుతుంది. సారు నిదానందే కొని, నా గుడ్డ తెల్లగా ఉన్న వెనక గదిలో పెట్టించారు. "వేగం తర్వాతైనా కొనుక్కోవచ్చండి. వీళ్లు చేసిన రోజులు ఎక్కడ కొంటాం?" అన్నారు.

సారు తప్పూ చెప్పాలి. ఎక్కించేసిన హాజరు పుస్తకాల్ని కారే షెడ్డులో పెట్టించారు. ఆ ఏడాది వానలకి అవి అట్టకట్టుకుపోయాయి.

రెండేళ్ల తర్వాత పై ఆఫీసువాళ్లు పర్మినెంటుకి లిస్టు అడిగిన వారంలోనే మిషను కీచుమంది. బాగుచేసే మనిషి చూసి, "డిస్కు సచ్చిపోయింది సార్" అన్నాడు.

నేను చీపురు పడేశాను. "మా రోజులేటైపోయాయి బాబూ?"

సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "రెండోది ఉందండి" అన్నారు గానీ, మిషను మళ్లీ లేచేదాకా ఆయన కూర్చోలేదు. లేచాక నా పేరు వెతికి తెర నావైపు తిప్పారు.

"నాకు సదవడం రాదు గదా."

"నేను చదువుతానండి."

లిస్టు గోడకి అంటించమన్నాడు మేనేజరు. అంటిస్తే మాలో చదివేదెవరు? సారు షెడ్డు ముందు నిలబడి ఒక్కో పేరూ, పక్కన రోజులూ చదివారు. "ఉన్నాను బాబూ" అంటూ ఒక్కొక్కరం చెయ్యెత్తాం. ఒక పేరు దగ్గర ఎవరూ పలకలేదు. ఆమె పోయి నెలైంది. సారు ఆమె రోజులు కూడా పూర్తిగా చదివి, కళ్లజోడు తీసి, ఆ ఎండలో అలాగే నిలబడ్డారు. తర్వాతి పేరు చదవమని మాలో ఎవరం తొందరపెట్టలేదు.