మోకాళ్ల మీద నిద్ర

మా అమ్మకు చర్చిలో గొప్ప ప్రార్థనాపరురాలని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో చాలాకాలం అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. బయట చెబితే వీపు విమానం మోత మోగుతుందని ఆవిడ ముందే హెచ్చరించింది కాబట్టి నేను నోరు మెదపలేదు.

అమ్మ ఇంట్లోనే కుట్టుపని చేసేది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, దాని చుట్టూ గుట్టలుగా స్కూలు యూనిఫాంలు. కాజాలూ బొత్తాలూ చేత్తోనే కుట్టేది. మిషను ఆగితే పొయ్యి, పొయ్యి ఆగితే మిషను. కూర్చుని తినగా నేను చూసింది తక్కువ.

నాన్న సంఘపెద్ద. ఆదివారం విశ్రాంతి దినమని ఆయన గట్టి పట్టుదల. శనివారం పొద్దు వాలేసరికి తానే వచ్చి మిషను మీద దుప్పటి కప్పి, నాలుగు మూలలూ సర్ది, "ఇక రేపంతా దాన్ని ముట్టుకోకు" అనేవారు. పొయ్యి మీద దుప్పటి కప్పాలని మాత్రం ఆయనకు తోచలేదు. ఆరాధన అయ్యాక ఎవరు ఎదురుపడినా "రండి, భోంచేసి వెళ్దురుగాని" అనేవారు. పాస్టరుగారి కుటుంబంతో కలిపి పది పన్నెండు మందికి తగ్గేవారు కాదు. అందుకే మా విశ్రాంతి దినం తెల్లవారుజామున నాలుగింటికి ఉల్లిపాయలు తరగడంతో మొదలయ్యేది.

చిన్నప్పుడు ఒకసారి నాన్నను అడిగాను. విశ్రాంతి దినాన ఎవరెవరు పని చెయ్యకూడదో చెప్పే బైబిలు ఆజ్ఞలో కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, ఆఖరికి ఇంట్లో ఉన్న పరదేశి కూడా ఉన్నారు, మరి భార్య ఏదీ అని. "అధిక ప్రసంగం చెయ్యకు" అన్నారు. వంటింట్లోంచి అమ్మ నవ్వు వినబడింది.

ఇక ఆ పేరు సంగతి. ఒక ఆదివారం ప్రసంగం తర్వాత అందరం మోకరించాం. అమ్మ ముందున్న బల్ల మీద మోచేతులు ఆనించి తల వాల్చింది. ఆమెన్ అని అందరూ లేచినా ఆవిడ లేవలేదు. పాస్టరుగారు గొంతు తగ్గించారు. పాట అందుకోవలసినవాళ్లు ఆగిపోయారు. పక్కనే ఉన్న నాకు సన్నగా గురక వినబడింది. మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి "ఆమెన్" అంది. కళ్లు ఎర్రగా, తడితడిగా ఉన్నాయి. చూసినవాళ్లంతా కరిగిపోయారు.

అప్పుడే చెప్పాల్సింది. సిగ్గుపడి ఊరుకుంది. ఆ తర్వాత ఆదివారం ఆదివారం అదే తంతు. "మా ఆవిడ మోకరించిందంటే లోకం తెలియదు" అని నాన్న పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవారు. అందులో అబద్ధం కూడా లేదు.

ఒకరోజు మా వీధిలోనే ఉండే ఒక కోడలుపిల్ల పసిపాపను ఎత్తుకుని వచ్చింది. పాపకు జ్వరం తగ్గడం లేదట. "మీరు అంతసేపు ప్రార్థన చేస్తారు కదా పిన్నిగారూ, మా పాప పేరు కూడా చెప్పండి" అని అమ్మ చేతులు పట్టుకుంది. అమ్మ అక్కడికక్కడే ప్రార్థన చేసి పంపింది గానీ, ఆ తర్వాత మిషను తొక్కలేకపోయింది.

"ఆ పిల్లను మోసం చేశానే" అంది నాతో.

అదే సాయంత్రం పాస్టరమ్మగారు కబురు పంపారు. వచ్చే ఆదివారం ఆడవాళ్లే ఆరాధన నడిపే స్త్రీల ఆదివారం, ఆ రోజు అమ్మ తన ప్రార్థన అనుభవాన్ని అందరి ముందూ సాక్ష్యంగా చెప్పాలట. అమ్మకు ఎటూ పాలుపోలేదు. ఉన్నది దాస్తే దేవుడి ఇంట్లో అబద్ధమాడినట్టు. చెబితే సంఘపెద్దకు తల కొట్టేసినట్టు. వారమంతా ముద్ద దిగలేదు. నాకు ఆవిడను చూస్తే జాలీ, నాన్నను చూస్తే కోపమూ వచ్చాయి.

ఆ ఆదివారం అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ అందరి ముందూ నిలబడింది.

"అందరికీ వందనాలు. నేను ప్రార్థన చేస్తున్నాననుకుంటున్నారు మీరంతా. కాదండీ, నిద్రపోతున్నాను. కావాలని కాదు. మోకాళ్ల మీద ఉంటే ఎవరూ పిలవరు. వారమంతా కలిపి నన్ను ఎవరూ పిలవని చోటు అదొక్కటే. కళ్లు మూస్తే నిద్ర పట్టేస్తోంది. నన్ను క్షమించండి."

ఎవరూ నవ్వలేదు. మా ఇంట్లో ప్రతివారం రెండోసారి కూడా వడ్డించుకునే పాస్టరమ్మగారు తల వంచుకున్నారు. పాప తల్లి లేచి, "నా ఎదురుగానే చేశారుగా పిన్నిగారూ, అది చాలు" అంది. పాస్టరుగారు, "తప్పు మాదమ్మా. దేవుడు అందర్నీ ఆగమన్నాడు. ఒక్కర్ని నిలబెట్టి మిగతావాళ్లని కూర్చోమనలేదు" అన్నారు. నాన్న నేల చూపులు చూస్తున్నారు.

ఆ రోజు భోజనానికి ఎవరూ రాలేదు. ఇంటికి రాగానే నాన్న పడగ్గది చూపించి, "పడుకో" అన్నారు.

"గిన్నెలున్నాయండీ."

"నేను చూసుకుంటాను."

నాకు ఆయనే వడ్డించారు. గిన్నెలు ఆయనే తోమారు, సగంవాటికి సబ్బు వదల్లేదు. తర్వాత పడగ్గది గుమ్మం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. యూనిఫాం కోసం వచ్చినావిడను వీధి గుమ్మంలోంచే రేపు రమ్మని పంపేశారు.

అమ్మ సాయంత్రం అయిదింటికి కంగారుగా లేచి వచ్చింది. గిన్నెలు చూసి ఒకటి అందుకోబోయి, మళ్లీ మానుకుంది. కుర్చీలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. అలా కాసేపు కూర్చుని, ఎవరితోనో చెబుతున్నట్టు, "ఆకలేస్తోంది" అంది.

అమ్మ నోట ఆ మాట నేను అంతవరకూ వినలేదు. నాన్న కూడా విని ఉండరు. గబగబా లేచి అన్నం వేడి చెయ్యడానికి వెళ్లారు.